బిగించిన గొట్టం

మనిషిని చంపబోయేవాడు ముందుగా తన పిస్తోలు గొట్టం బాగుచేయించుకునే పనిలో ఉన్నాడని లైమన్ ఓస్గుడ్ మహా గంభీరంగా ప్రకటించాడు. ఏజెంట్ డెల్ ట్రూయాక్స్‌కి భయమూ వెయ్యలేదు, ఆశ్చర్యమూ కలగలేదు. ఆవలింత వచ్చింది.

ఎరీ సరస్సు ఒడ్డున, గాలానికి ఎరలు అమ్మే కొట్టు పైన ఉన్న గది అది. దేశాన్ని కాపాడే రహస్య సంస్థకి పంతొమ్మిది వందల అరవై రెండు వేసవిలో దొరికిన హెడ్డాఫీసు అంతకంటే లేదు. కింద డబ్బాల్లో వానపాములు, పైన కుర్చీల్లో ఆఫీసర్లు. కిందివాటి వల్లే లోకానికి కాస్త ఉపయోగమని ట్రూయాక్స్ అభిప్రాయం.

"ఆవలించింది చాలుగానీ విను," అన్నాడు ఓస్గుడ్. బాస్ కాబట్టి టై కట్టుకున్నాడు. ఆగస్టు ఉక్కలో టై కట్టుకునేవాడి తెలివితేటల గురించి వేరే చెప్పాలా? "టార్గెట్ కర్నల్ బర్నా హలాస్. హంగరీ మనిషి. పిస్తోలు షూటింగులో ఒకప్పటి ఛాంపియన్. అవతలి పక్షం హంతకులకి గురి నేర్పిన గురువు. నాలుగేళ్ల కిందట మన దగ్గరికి పారిపోయి వచ్చాడు. వాళ్ల హంతకుల్లో ఎవడెదురైనా మొహం చూసి పేరు చెప్పేస్తాడు. అంచేత ఆయన బతికుండటం వాళ్లకి ఇష్టం లేదు."

"అయితే దాచిపెట్టండి సార్."

"దాక్కోనంటున్నాడయ్యా! నాలుగేళ్లు నేలమాళిగల్లో బతికాను, ఇంక నా వల్ల కాదు, ఒక్కసారి పిస్తోలు పోటీ కళ్లారా చూసి చచ్చిపోయినా పర్లేదు అంటాడు. ఈ శనివారం ఇక్కడి పోటీల్లో ప్రేక్షకుల మొదటి వరసలో కూర్చుంటాడు. సరే కూర్చోండన్నాను."

"ఎరగా."

"గౌరవ అతిథిగా," అని సర్దాడు ఓస్గుడ్.

బల్ల మీదికి ఒక ఫోటో విసిరాడు. నిండా బ్యాడ్జీలు గుచ్చిన టోపీ, దాని కింద గుండ్రటి మొహం, ఆ మొహం మీద ప్రపంచం తనకి బాకీ పడ్డట్టు ఒక మూతివిరుపు.

"వెర్ల్ కాట్రెల్. ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముతాడు. ఈ రాష్ట్రంలో పిస్తోలు పోటీల్లో వీణ్ణి ఓడించినవాడు లేడు. ఒలింపిక్స్ జట్టుకి రెండుసార్లు ఎంపిక చెయ్యలేదని దేశం మీద అలిగాడు."

"అలిగి దేశద్రోహి అయ్యాడా?"

"అయ్యాడు."

ట్రూయాక్స్ ఆ ఫోటోని కాలి బూటుతో పక్కకి నెట్టినంత పనిచేశాడు. సిద్ధాంతం కోసం అమ్ముడుపోయినవాణ్ణి చూశాడు, ఆడదాని కోసం అమ్ముడుపోయినవాణ్ణీ చూశాడు. కప్పు రాలేదని అమ్ముడుపోయినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

"ఇంకేం, అరెస్టు చేసెయ్యండి."

"ఏ నేరానికయ్యా? పిస్తోలు గొట్టం బాగుచేయించుకున్నందుకా? అలాగైతే ఒహైయోలో సగంమంది జైల్లో ఉండాలి. అదీగాక మనక్కావలసింది వీడు కాదు, వీడికి సైగ చేసేవాడు. ఈ దేశంలో వాళ్ల ముఠా నాయకుడు. కోడ్ పేరు గుడ్లగూబ. ఇంతవరకూ వాడి మొహం చూసినవాడు లేడు. శనివారం ప్రేక్షకుల్లో కూర్చుని కాల్చమని సైగ చేస్తాడట. మన రెనాటా చెప్పింది."

రెనాటా వోల్క్ ఎవరో ట్రూయాక్స్‌కి తెలుసు. డబుల్ ఏజెంట్. వాళ్ల దగ్గర జీతం తీసుకుని మనకి పనిచేస్తుందని మనవాళ్ల నమ్మకం. ఆమె పేరు పలికినప్పుడల్లా ఓస్గుడ్ టై సర్దుకుంటాడు.

ఇక హత్య పథకం. వినగానే ట్రూయాక్స్‌కి ఆవలింత పోయింది. పోటీ చివర్లో రాపిడ్ ఫైర్ ఉంటుంది. పది సెకన్లలో ఐదు తూటాలు కాల్చాలి. కాట్రెల్ నాలుగు తూటాలు గురి కాయితం మీద కాలుస్తాడు. అంతలో తుపాకీ మొరాయించినట్టు నటిస్తాడు. మొహం అయోమయంగా పెట్టి, 'ఇదేంటి, ఏమైంది దీనికి' అనుకుంటూ వెనక్కి తిరుగుతాడు. ఐదోది పేలుతుంది, హలాస్ పడతాడు. అయ్యయ్యో, ప్రమాదం! కోర్టులో నాలుగు కన్నీటి చుక్కలు. అంతే.

"ప్రమాదం అనిపించాలంటే ఒక్క దెబ్బకే పని అయిపోవాలి," అన్నాడు ఓస్గుడ్. "రెండోది కాలిస్తే అది ప్రమాదం కాదుగా. అందుకే వాడికి రెండు కావాలి. పిస్తోలు పెట్టినచోట పెట్టినట్టు కొట్టాలి, ఐదో తూటా తడబడకుండా గొట్టం వెనక తూటా గదిలోకి ఎక్కాలి. పోటీ మైదానం పక్కన రిపేరు షెడ్లు ఉన్నాయి కదా, అందులో ఒకటి ఇవాళ్టి నుంచి నీది. అసలు మేస్త్రీని ఫ్లోరిడా పంపించేశాం. ఆర్మీలో ఆయుధాలు బాగుచేసిన చెయ్యి నీది. ఏదో ఒకటి చేసి చెడగొట్టు."

"చెడగొడితే ప్రాక్టీసులోనే పట్టేస్తాడు సార్. వాడు వెధవే గానీ తుపాకీ విషయంలో కాదు."

"మరి?"

"బాగా చెయ్యాలి. మరీ బాగా చెయ్యాలి." ట్రూయాక్స్ లేచి నిలబడ్డాడు. "పిస్తోలు కాపురం లాంటిది సార్. కాస్త వదులుంటేనే సాగుతుంది. గొట్టం ఎంత బిగిస్తే గురి అంత బాగా కుదురుతుంది. కానీ బిగించేకొద్దీ కాస్త మసి పట్టినా పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడు మూసుకోదు, తూటా సగంలో ఇరుక్కుంటుంది. పోటీ పొడుగునా కాల్చి కాల్చి మసి పేరుకున్నాక, సరిగ్గా చివర్లో ఇరుక్కునేలా బిగిస్తాను. వాడికి అది సరిచేసుకోవడానికి ఒక సెకను పడుతుంది. నేను వాడి వెనకే ఉంటాను. ఆ సెకను నాకు చాలు."

"చాలకపోతే?"

ట్రూయాక్స్ మెట్ల వైపు నడిచాడు. చాలకపోతే హలాస్ చచ్చిపోతాడు. అదీ ట్రూయాక్స్ తన చేతులతో పదును పెట్టిన పిస్తోలుతో. అప్పుడు చంపింది కాట్రెల్ అని ఎవరన్నా ఒప్పుకుంటారేమోగానీ, అద్దంలో తన మొహం చూసుకుంటే తను మాత్రం ఒప్పుకోలేడు.

"ఈ షెడ్డు సంగతి రెనాటాకి చెప్పకండి," అని మాత్రం అని దిగిపోయాడు.

మర్నాడు ఉదయానికి ట్రూయాక్స్ గెడ్డం మాసింది, ఆప్రాన్‌కి నూనె మరకలు వచ్చాయి, పేరు మారింది. వచ్చేపోయే షూటర్లు 'ఏం మేస్త్రీ' అంటుంటే గుర్రుమని జవాబివ్వడం కూడా అలవాటైపోయింది. తుపాకీ మేస్త్రీలు మర్యాదగా మాట్లాడితే ఎవడూ పని ఇవ్వడు.

కాట్రెల్ బుధవారం వచ్చాడు. టోపీ మీద ఫోటోలో కంటే బ్యాడ్జీలు పెరిగాయి. వెల్వెట్ గుడ్డలో చుట్టిన పాయింట్ నలభై ఐదు కాలిబర్ పిస్తోలుని పసిపాపని పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టాడు.

"పాత మేస్త్రీ ఏడీ?"

"ఫ్లోరిడా పోయాడు. మోకాళ్ల నొప్పులు."

"నీకు పని వచ్చా?"

"రాకపోతే ఎక్కడో చేపలు వేయించుకుంటూ ఉండేవాణ్ణి. ఇటివ్వు." ట్రూయాక్స్ పిస్తోలు అందుకుని, ఖాళీగా ఉందని చూసి, గొట్టం మూతి మీద బొటనవేలు వేసి నొక్కాడు. చెవి దగ్గర పెట్టి ఊపాడు. "ఏమయ్యా, దీంతోనేనా ఛాంపియన్‌వి అయ్యావు? గొట్టం లోపల గలగలలాడుతోంది. డబ్బాలో గులకరాళ్లు ఊపినట్టుంది."

కాట్రెల్ మొహం ఎర్రబడింది. "అది ఫ్యాక్టరీ వాళ్ల చేతకానితనం. నాది కాదు."

ఆడలేనమ్మ మద్దెల ఓడన్నదని ఊరికే అన్నారా! ట్రూయాక్స్ పైకి మాత్రం తలూపాడు. "ప్రతి దెబ్బకీ గొట్టం వెళ్లి ఒకేచోట కూర్చోవాలి. నీది రోజుకో చోట కూర్చుంటోంది. పైగా తూటా ఎక్కే ఏటవాలు చూడు, గరుకుగా ఉంది. నువ్వు కాల్చేదేమో చదును ముక్కు సీసం తూటా. అది దీనిమీద ఎక్కలేక ఏడుస్తుంది. నీ తూటాలు కొన్ని ఇచ్చి వెళ్లు. వాటికి సరిపడేలా చేస్తాను."

ఆ పని ట్రూయాక్స్‌కి ఇష్టం. అదే అసలు బాధ. కొత్త గొట్టం తీసి, మూతి దగ్గర దాన్ని పట్టుకునే కంకణాన్ని దానికి అతికినట్టు అమర్చాడు. రంగు పూసి, మూసి, తెరిచి, ఎక్కడ రాసుకుంటోందో చూసి అక్కడ వెంట్రుకవాసి అరగదీశాడు. ఏటవాలుని అద్దంలా మెరిపించాడు. సాయంత్రానికి ఆ పిస్తోలు చక్కగా కొడుతోంది, చక్కగా మింగుతోంది. నిజాయితీగల మేస్త్రీ ఎవడైనా అక్కడ ఆపి చేతులు కడుక్కుంటాడు.

కాట్రెల్ వచ్చి వెనక మైదానంలో కాల్చి చూశాడు. కాయితం తెచ్చి బల్ల మీద పరిచాడు. నాణెం కప్పితే కనబడనంత దగ్గరగా కన్నాల గుంపు.

"పర్లేదు," అన్నాడు పెదవి విరుస్తూ. "ఇంకా బిగించొచ్చుగా?"

ట్రూయాక్స్ చేతులు నలుపుకున్నాడు. ఈ మాట కోసమే పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నాడు. వెంటనే ఒప్పుకుంటే అనుమానం వస్తుంది. వద్దంటే వీడు వదలడు. "వద్దు బాబూ. ఇంతకంటే బిగిస్తే మొరాయిస్తుంది. గురీ కావాలి, మింగటమూ కావాలి అంటే ఇదే సరిహద్దు."

"సరిహద్దా? ఎవడికి? ఆదివారం పూట సోడా డబ్బాల్ని కొట్టుకునే నీలాంటివాడికి. నాకు చెప్పకు. నేను వెర్ల్ కాట్రెల్‌ని!"

"పేరు విన్నాలే. ఒలింపిక్స్‌కి వెళ్లింది నువ్వే కదూ?"

కాట్రెల్ మెడ మీద నరం ఒకటి లేచి నిలబడింది.

"బిగించు," అన్నాడు పళ్ల మధ్య నుంచి. "వాళ్లు జన్మలో చూడనంత గట్టిగా బిగించు."

బిగించాడు. గొట్టాన్నీ బిగించాడు, తూటా కూర్చునే గదినీ కాట్రెల్ ఇచ్చిన సీసం తూటాలకి ఒంటికి కుట్టిన చొక్కాలా చేసిపెట్టాడు. గురువారం కాల్చి చూస్తే ఐదు తూటాలూ కలిసి కాయితంలో ఒకే కన్నం పెట్టాయి. అంచులు కాస్త చిరిగిన ఒక్కటే కన్నం. కాట్రెల్ దానివైపు చూసిన చూపు, పాపం, పెళ్లాన్ని కూడా అలా చూసి ఉండడు. ట్రూయాక్స్ గుండె కూడా ఒక్క క్షణం గర్వంతో పొంగింది. వెంటనే తనమీద తనకే రోత పుట్టింది. హలాస్ ఛాతీ ఆ కన్నం కంటే చాలా వెడల్పు.

శుక్రవారం మధ్యాహ్నం ఓస్గుడ్ ఫోన్ చేశాడు. రెనాటా దగ్గర కొత్త కబురుందట, పడవల రేవు పక్కన చేపల హోటల్లో కలవాలట. గొట్టం పని అయిపోయింది కాబట్టి షెడ్డు సంగతి ఆమెకి చెప్పేశాడట.

ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది. తెల్లటి డ్రెస్సు, ఆమె భుజాలు దాటిపోయే వెడల్పాటి టోపీ, నల్ల కళ్లద్దాలు. చుట్టూ బనియన్ల మీద జాలర్లు. రహస్యంగా ఉండటం అంటే ఇదేనని ఆమెకి ఎవరు నేర్పారో! ట్రూయాక్స్ వెళ్లి ఎదురు కుర్చీ వెనక నిలబడి, కోడ్ మాట చెప్పాడు. చెబుతుంటే తనకే సిగ్గేసింది.

"ఇవాళ పెర్చ్ చేపలు తాజాగా ఉన్నాయా?"

"సరస్సు చల్లబడితేనే తాజా," అంది రెనాటా. "కూర్చోండి, మేస్త్రీగారూ. చేతులకి నూనె వాసన వస్తోంది. బాగుంది."

బంగారు లైటర్ తీసి సిగరెట్ వెలిగించుకుంది. అందులో కెమెరా ఉందని వెయిట్రెస్‌కి కూడా తెలుసు. ప్రతిసారీ టిక్కుమంటుంది.

"మావాళ్లు ప్రత్యేకంగా ఒక తూటా పంపించారు," అంది మెల్లగా. "రాగి ముక్కు. లోపల విషం. గీసుకుపోయినా చాలు, గుండె ఆగినట్టు పోతాడు. ఒక్కటే ఉంది. కాట్రెల్ దాన్ని పిస్తోలు పిడిలో తూటాలు పేర్చే మ్యాగజైన్లో అన్నిటికంటే అడుగున పెడతాడు. ఐదోది అదే."

ఆ తూటా కొలత ఎంతని అక్కడ అడగాలి. ఎవడైనా అడుగుతాడు. మన ఏజెంటు అడగబోయాడు కూడా. సరిగ్గా అప్పుడే ఆమె కళ్లద్దాలు తీసింది. మగవాడి బుర్ర గురించి ఇంతకంటే చెప్పడం అనవసరం.

"నాకు భయంగా ఉంది," అంది రెనాటా. "పాపం ఆ ముసలాయన నాకు చాలా మంచి స్నేహితుడు. రేపు దుబాసీగా ఆయన పక్కనే కూర్చుంటాను. మీరు ఎలా ఆపుతారో తెలిస్తే కాస్త ధైర్యంగా ఉంటుంది."

ఒక నిజం పారేసి ఇంకో నిజం లాక్కోవడం ఆ వృత్తివాళ్ల పద్ధతి. ట్రూయాక్స్ ఆ వృత్తిలోనే పన్నెండేళ్లుగా ఉన్నాడు. అయినా చెప్పేశాడు. మసి సంగతి చెప్పాడు, చివరి రౌండులో ఇరుక్కోవడం చెప్పాడు, తాను వెనకే ఉండటమూ చెప్పాడు. అన్నీ విని ఆమె అతని చేతిమీద చెయ్యి వేసింది.

"మీరెంత తెలివైనవాళ్లు!" అంది.

శనివారం సరస్సు మీద నుంచి గాలి రివ్వున వీస్తోంది. మైదానంలో ఒక గీత వెంబడి షూటర్లు బారుతీరి నిలబడ్డారు. ఒక చేతిలో పిస్తోలు, రెండో చెయ్యి ప్యాంటు జేబులో. పిస్తోలుని రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి అక్కడ మగాడిగా లెక్కెయ్యరు. వెనక చెక్క మెట్ల మీద ప్రేక్షకులు. మొదటి వరస మధ్యలో కర్నల్ హలాస్. నెరిసిన మీసం, ఒళ్లో వేరుశనగల పొట్లం, మొహంలో నాలుగేళ్ల తర్వాత ఎండ చూసినవాడి సంబరం. పక్కన రెనాటా, టోపీతో సహా.

ట్రూయాక్స్ కాట్రెల్ వెనకకి నడుస్తుంటే ఓస్గుడ్ అడ్డం వచ్చాడు.

"నువ్వు అక్కడొద్దు. వాడికి అనుమానం వస్తుందని రెనాటా అంటోంది. ఆ రూట్‌బీర్ సోడా బండి దగ్గర నిలబడు."

"సార్, అక్కడి నుంచి వాడి దగ్గరికి పరిగెత్తేసరికి తెల్లారుతుంది!"

"ఇది ఆర్డరు," అన్నాడు ఓస్గుడ్, టై సర్దుకుంటూ. "మెట్ల నిండా మనవాళ్లే ఉన్నారు. గుడ్లగూబ సైగ చెయ్యగానే పట్టేస్తారు."

మెట్ల నిండా ఉన్న మనవాళ్లని ట్రూయాక్స్ చూశాడు. ఎండాకాలంలో కోట్లు వేసుకుని, పేపర్లు తిరగేసి పట్టుకుని, ఒక్కొక్కడూ నేను గూఢచారినని మెడలో బోర్డు కట్టుకున్నట్టే ఉన్నాడు. నోట్లో మాట నోట్లోనే మింగి రూట్‌బీర్ బండి దగ్గరికి వెళ్లాడు.

పోటీ మొదలైంది. మైదానం అధికారి ఓర్విల్ స్టాఫర్ మాజీ సైనికుడు, గొంతు ఉన్నవాడు, చేతిలో మైకు అనవసరం. "కుడి పక్క రెడీనా? ఎడమ పక్క రెడీనా? లైను రెడీ!" అని అరిచినప్పుడల్లా సరస్సు మీద కొంగలు లేచిపోతున్నాయి. రౌండు మీద రౌండు సాగింది. కాట్రెల్ కాయితం మధ్యలో ఒకే కన్నం పెద్దదవుతోంది.

ఒక రౌండులో అటు చివరన పోస్ట్‌మ్యాన్ ఒకడి తుపాకీ మొరాయించింది. ఆ ఆటలో దానికో రివాజు ఉంది. తుపాకీ ఇరుక్కుంటే షూటరు దాన్ని ముట్టుకోకూడదు, సరిచేసుకోకూడదు. తుపాకీ అలాగే పట్టుకుని, ఖాళీ చెయ్యి పైకెత్తి, బొమ్మలా నిలబడాలి. అధికారి వచ్చి చూసి, నిజమే అంటే, మళ్లీ మొదటి నుంచి ఐదు తూటాలూ కాల్చుకోవచ్చు. పోస్ట్‌మ్యాన్ చెయ్యెత్తి నిలబడ్డాడు. స్టాఫర్ వచ్చి చూశాడు.

"ఏమయ్యా, ఉత్తరాలు కూడా ఇందులోనే దాస్తున్నావా?" అన్నాడు. లైనంతా నవ్వింది. పోస్ట్‌మ్యాన్ మళ్లీ కాల్చుకున్నాడు.

ఇక ఆఖరి రౌండు. ట్రూయాక్స్ కాట్రెల్ మీద నుంచి చూపు తిప్పలేదు. ఈపాటికి గొట్టం నిండా మసి ఉంటుంది. ఇరుక్కుని తీరుతుంది. ఇరుక్కోవాలి.

కాట్రెల్ పెట్టె తెరిచాడు. గుడ్డ తీశాడు, పుల్ల తీశాడు. గొట్టంలోకి దూర్చి తుడిచాడు. తూటా గదిని తుడిచాడు. ఏటవాలుని తుడిచాడు. మరో గుడ్డ తీసి మళ్లీ తుడిచాడు. పోటీ మధ్యలో ఏ షూటరూ చెయ్యని పని అది, నడుస్తున్న తుపాకీని కెలకడం వాళ్లకి అపశకునం.

ట్రూయాక్స్ చేతిలో గ్లాసు జారి కిందపడింది. మసి సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు. ఒకడు తాను. రెండోవాడు ఓస్గుడ్. ఓస్గుడ్ ద్రోహి కావాలన్నా కాలేడు, దానికి బుర్ర కావాలి. ఇక మిగిలింది తెల్ల డ్రెస్సు.

గుడ్లగూబ ప్రేక్షకుల్లో ఎక్కడుందా అని వెతుకుతున్నారు, హలాస్ పక్కనే కూర్చోబెట్టారు! ఆయన్ని నేలమాళిగలోంచి ఎండలోకి తెప్పించడానికే ఆమె ఓస్గుడ్‌కి కబుర్లన్నీ మోసింది. హంతకుడి పేరు చెప్పింది, పథకం చెప్పింది, సైగ సంగతీ చెప్పింది. ఎర వేశామని వీళ్లు మురిసిపోయారు. గాలం పట్టుకున్నది ఆమె.

ట్రూయాక్స్ పరుగందుకున్నాడు.

"ఏయ్, ఎవడ్రా అది? లైను దగ్గరికి రాకు!" అని ఎవరో అరిచారు. కోటువాడొకడు చెయ్యి పట్టుకుని లాగాడు, మనవాడే. ట్రూయాక్స్ వాణ్ణి మోచేత్తో కడుపులో పొడిచి వదిలించుకున్నాడు. ఏడేళ్ల ఉద్యోగంలో ఆ కోటువాడికి తగిలిన మొదటి దెబ్బ అదేనని తర్వాత తెలిసింది.

"లైను రెడీ!" అన్నాడు స్టాఫర్.

లైను పొడుగునా పిస్తోళ్లు పేలాయి. కాట్రెల్ ఒకటి, రెండు, మూడు. నాలుగు. కాట్రెల్ మొహం అయోమయంగా పెట్టి వెనక్కి తిరిగాడు. రెనాటా తన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది, అదే సైగ. పిస్తోలు మూతి తిన్నగా హలాస్ ఛాతీకి ఎదురుగా ఆగింది. ట్రూయాక్స్ ఇంకా దూరంగానే ఉన్నాడు. నా పనితనమే, అనుకున్నాడు. నా చేత్తోనే చంపాను ఆయన్ని.

కాట్రెల్ ట్రిగ్గర్ నొక్కాడు. ఏమీ కాలేదు.

రాగి ముక్కు తూటా గదిలోకి ముప్పాతిక వంతు వెళ్లి ఆగిపోయింది. దాన్ని తయారుచేసిన విదేశీ శాస్త్రవేత్తలు ఫ్యాక్టరీ పిస్తోలు కొలతలు తీసుకున్నారు. గలగలలాడే ఏ మామూలు పిస్తోలైనా దాన్ని గుటుక్కున మింగేసేది. కానీ ఇది కాట్రెల్ సొంత సీసం తూటాలకి కొలిచి కుట్టిన చొక్కా. బయటివాడి తూటా పట్టలేదు. స్లైడు మూసుకోలేదు.

అరచేత్తో స్లైడు వెనక ఒక్క చరుపు చరిస్తే అది మూసుకునేదేమో. లేదంటే లాగి వదిలితే సరి. యుద్ధంలో ఏ వంటవాడైనా చేసే పని. ఒక సెకను పని.

కాట్రెల్ ఎడమ చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది. స్లైడు మీదికి వెళ్లలేదు. మెల్లగా, ఠీవిగా, తలపైకి లేచింది. లేచి అక్కడే నిలబడింది.

ఇరవై ఏళ్ల అలవాటు! తుపాకీ మొరాయిస్తే చెయ్యెత్తాలి, అధికారి వస్తాడు, మళ్లీ కాల్చుకోనిస్తాడు. హత్య చేస్తూ కూడా వాడు నిబంధన తప్పలేదు. మొరాయించినట్టు నటించాలని ఎన్నిసార్లు రిహార్సల్ చేశాడో గానీ, నిజంగా మొరాయించేసరికి నటన మరిచిపోయి షూటరైపోయాడు. రెండో అవకాశం కోసం చెయ్యెత్తి, గౌరవ అతిథికి పిస్తోలు గురిపెట్టి, బుద్ధిమంతుడిలా ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

ట్రూయాక్స్ వచ్చి ఆంబోతులా గుద్దాడు. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. పిస్తోలు ట్రూయాక్స్ చేతికొచ్చింది, కాట్రెల్ టోపీ ఊడింది, బ్యాడ్జీలు చెల్లాచెదురయ్యాయి.

మెట్ల మీద రెనాటా లేచింది. లేచి ఒక్క అడుగు వెయ్యబోయి ఆగిపోయింది. హలాస్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పట్టు చూస్తే ముసలి పట్టులా లేదు.

"కూర్చో అమ్మాయీ," అన్నాడాయన, రెండో చేత్తో వేరుశనగ నోట్లో వేసుకుంటూ. "ఇంత చక్కటి దుబాసీని నాకు ఊరికే ఇవ్వరని మొదటిరోజే అనుకున్నాను. అదీగాక నాకు ఇంగ్లీషు వచ్చు."

"లైమన్!" అంది రెనాటా ఓస్గుడ్‌ని చూసి, గొంతులో తేనె పోసుకుని. "వీళ్లకి చెప్పండి!"

ఓస్గుడ్ చెయ్యి టై దగ్గరికి వెళ్లి, అక్కడే వేలాడిపోయింది. కోటువాళ్లు ఆమె చుట్టూ మూగారు. పేపర్లు ఇంకా తిరగేసే పట్టుకున్నారు.

ఓర్విల్ స్టాఫర్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని కాట్రెల్ మీదికి వంగాడు. ఆయనకి ముఠాలూ తెలియవు, విషాలూ తెలియవు. తెలిసిందల్లా ఒక్కటే.

"ప్రేక్షకుల వైపు తుపాకీ తిప్పావా? వెర్ల్, నువ్వేనా? సిగ్గులేదూ? డిస్క్వాలిఫై!"

"కానీ నా తుపాకీ ఇరుక్కుంది!" ఇసుక ఉమ్ముతూ కాట్రెల్ గింజుకున్నాడు. "చెయ్యెత్తాను, మీరు చూశారు! నాకు ఇంకో రౌండు హక్కుంది! రూలు పుస్తకం తీయండి!"

సంకెళ్లు పడుతున్నా అదే గోల. కారులోకి తోస్తున్నా అదే గోల. మనిషిని చంపబోయానన్న సంగతి వాడికి తట్టనే లేదు, తన స్కోరు పోయిందన్నదే వాడి ఏడుపు. ఇలాంటివాడి చేతిలో పడి ఒక మంచి మనిషి చచ్చిపోయి ఉండేవాడని తలుచుకుంటూ ట్రూయాక్స్ మొదటి వరస చివర కూలబడ్డాడు.

కాసేపటికి హలాస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. వేరుశనగల పొట్లం ముందుకు జరిపాడు. ట్రూయాక్స్ ఒళ్లోంచి, తూటా తీసేసి ఖాళీగా ఉన్న ఆ పిస్తోలు అందుకున్నాడు. గొట్టం మూతి మీద బొటనవేలు వేసి నొక్కాడు. చెవి దగ్గర పెట్టి ఊపాడు. చప్పుడు లేదు. ముసలాయన కళ్లు మెరిశాయి.

"ఎంత పనితనం! ఎవరయ్యా చేసింది?"

"నేనే సార్," అన్నాడు ట్రూయాక్స్. "నన్ను క్షమించండి."

"క్షమించడమేంటి? నాకూ ఇలాంటిదొకటి చేసి పెట్టు."

ట్రూయాక్స్ పిస్తోలు వెనక్కి తీసుకున్నాడు.

"వద్దు సార్. ఇది కాయితాన్ని కాల్చేవాళ్లకి. మీకు నిజమైన శత్రువులున్నారు, మీది గలగలలాడుతూనే ఉండనివ్వండి."